ఆర్కే బీచ్ మీద ఎగిరిన విమానం గ్యాలరీ గడప దాటాలంటే

నేవీ డే విన్యాసాలు విశాఖలో జరిగితే చాలు, మర్నాడు పొద్దుటికల్లా ఊళ్లో ఫోన్ల నిండా హాక్ జెట్లూ, చేతక్ హెలికాప్టర్లూ, డోర్నియర్ విమానాలే. మంచి లెన్సుతో తీసినవీ వాటిలో తక్కువేం ఉండవు. అయినా ఎయిర్‌లైనర్స్.నెట్, జెట్‌ఫోటోస్ లాంటి ఆన్‌లైన్ విమాన ఫోటోల గ్యాలరీలకు పంపినవాళ్లలో చాలామందికి రిజెక్ట్ మెయిలే వస్తుంది. స్టేటస్‌లో మెరవాలని దిద్దిన ఫోటోనే గ్యాలరీకీ పంపడం దీనికి అసలు కారణమని నా అభిప్రాయం. అక్కడ ఫోటోలను వడపోసే స్క్రీనర్లకు కావాల్సింది రికార్డు. విమానం ఉన్నది ఉన్నట్టు కనిపిస్తోందా, పదేళ్ల తర్వాత వెతుక్కునేవాడికి పనికొస్తుందా అని చూస్తారు.

నేవీ విమానాలు ఎక్కువగా బూడిద రంగువి. సముద్రపు తేమకు ఆకాశం పాలిపోయి ఉంటుంది. ఆ తెల్లటి వెలుతురును చూసి కెమెరా ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుతురు) తగ్గించేస్తుంది, విమానం పొట్ట నల్లబడుతుంది. ఇంటికొచ్చి షాడోస్ (చీకటి భాగాలు) వెలుతురులోకి లాగితే ఆ నలుపులోంచి నాయిస్, అంటే గరుకు చుక్కలు, ఇసుక చల్లినట్టు పైకి తేలుతుంది. దాన్ని తుడవబోతే రివెట్లూ, ప్యానెల్ గీతలూ కూడా పోతాయి. పోయిన పదును తెద్దామని షార్పెనింగ్ పెంచితే రెక్క అంచు వెంబడి తెల్లటి గీత, తోక మీది అంకెల చుట్టూ మెట్లుమెట్లుగా పళ్లు. ఒక్క లోపాన్ని కప్పబోయి మూడు తెచ్చుకున్నట్టే. బీచ్‌లోనే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుతురు) దాకా పెంచి, కెమెరా దిద్దని ముడి ఫైల్‌గా, అంటే రా ఫైల్‌గా తీసుకుంటే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. నాయిస్ తగ్గించాల్సి వస్తే ఆకాశం వరకే తగ్గించాలి, విమానం జోలికి పోకూడదు.

షటర్ విషయంలోనూ ఇంతే. జెట్‌కు 1/1000 సెకను, అంతకంటే వేగం సరే. అదే వేగంతో చేతక్‌ను తీస్తే రోటర్ గాల్లో కదలకుండా నిలబడిపోతుంది, ఇంజిన్ ఆగి పడిపోబోతున్నట్టు ఉంటుంది. 1/200 దగ్గరికి దిగి, హెలికాప్టర్‌తో పాటే లెన్సును తిప్పాలి. సగానికి పైగా ఫ్రేములు చెడతాయి, చెడనివ్వండి. వెలుతురు మాత్రం మన పక్షమే. బీచ్‌కు సముద్రం తూర్పున ఉంది కాబట్టి సాయంత్రపు సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు. కాకపోతే డిసెంబర్ మొదట్లో ఐదున్నర కాకుండానే పొద్దు గుంకుతుంది. ఆఖరి విన్యాసాలకు ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచక తప్పదు.

ఎడిటింగ్‌లో మొదటి పని నిటారు చూసుకోవడం. ఫ్రేములో సముద్రపు గీత ఉంటే కొద్దిపాటి వాలు కూడా దాగదు. విమానం మధ్యలో ఉండాలి. వస్తువును ఫ్రేములో ఓ పక్కకు ఉంచమనే మూడో వంతు సూత్రం నేర్చుకున్నవాళ్లకు ఇది మింగుడుపడదు గానీ ఈ గ్యాలరీల పద్ధతి అది. తర్వాత సైజు తగ్గించి, షార్పెనింగ్ అన్నిటికంటే ఆఖర్న, కొంచెమే వేయాలి. కాంట్రాస్ట్ తాత్కాలికంగా బాగా పెంచి చూస్తే ఆకాశంలో సెన్సర్ దుమ్ము చుక్కలు బయటపడతాయి. వాయుసేన విన్యాస బృందం సూర్యకిరణ్ హాక్‌ల ఎరుపు మీద శాచురేషన్ (రంగు గాఢత) వేస్తే రంగు ముద్దగట్టి ప్యానెల్ గీతలు మాయమవుతాయి. ఎండసెగ అలల్లో వంకర్లుపోయిన ఫోటోకు మాత్రం మందు లేదు, వదిలేయాల్సిందే. ఒక స్క్రీనర్ కాదన్నది మరొకరు ఔనన్న సందర్భాలూ ఉంటాయి, ఆ మాట నిజమే. కానీ మన ఫోటోల్లో ఎక్కువ భాగం అంత సరిహద్దు దాకా కూడా వెళ్లడం లేదు.

ఇంత పట్టింపు దేనికంటే, విశాఖ విమానాశ్రయం రన్‌వే నేవీ వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగది. నేవీ స్థావరం వైపు కెమెరా ఎత్తకూడదు. నేవీ విమానాలను మామూలు జనం దగ్గరగా, నిర్భయంగా తీయగలిగేది ఇలాంటి బహిరంగ విన్యాసాల్లోనే. పైగా విమానాలు శాశ్వతం కావు. సీ హారియర్ యుద్ధవిమానం 2016లో, సముద్ర గస్తీ విమానం టీయూ-142 2017లో సర్వీసు నుంచి తప్పుకున్నాయి. యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లకు డేగలోనే 2024 జూన్‌లో వీడ్కోలు పలికారు. టీయూ-142 బీచ్ రోడ్డులో మ్యూజియమై నిలిచింది గానీ, అది ఎగురుతున్న ఫోటో ఇక ఎవరూ కొత్తగా తీయలేరు.

అందుకే పాత హార్డ్‌డిస్కులు తెరవమంటున్నాను. 2016 ఫిబ్రవరిలో విశాఖలో జరిగిన అంతర్జాతీయ ఫ్లీట్ రివ్యూ (యుద్ధనౌకల సమీక్ష) నాటి రా ఫైళ్లు ఇంకా ఉన్నవాళ్లు, అప్పటి ఎడిటింగ్ పక్కనపెట్టి మొదటి నుంచి మళ్లీ చేయండి. పంపేముందు నూరు శాతం జూమ్‌లో విమానం మీద ‘ఐఎన్’ (ఇండియన్ నేవీ) పక్కనున్న సీరియల్ అంకెలు చదివి, తేదీ కెమెరా డేటాతో సరిపోల్చుకోండి. ఫోటో ఎంత బాగున్నా అంకె తప్పితే తిరిగొస్తుంది.