పంచకాండాలను యేసు రద్దు చేశాడా?

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగు విశ్వాసుల ఫోన్లలో ఒక వాదన బాగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "ఆదికాండం నుంచి ద్వితీయోపదేశకాండం దాకా ఉన్న ఐదు పుస్తకాలు యూదులవి. యేసు వచ్చి వాటిని కొట్టేశాడు. అక్కడి దేవుడు కోపిష్ఠి, కొత్త నిబంధన దేవుడు ప్రేమ. 613 ఆజ్ఞలూ పాటించలేనప్పుడు ఆ పుస్తకాలతో మనకేం పని? కొత్త నిబంధన చాలు."

ఇది ఇక్కడ ఇంత తేలిగ్గా నాటుకోవడానికి ఒక కారణం ఉంది. మన పిల్లల్లో చాలామందిది ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, తెలుగు బైబిలు మాత్రం కూడబలుక్కుని చదవాలి. అలా చదవడం తగ్గి వినడం పెరిగింది. విన్నదాన్ని తెరిచి సరిచూసుకునే అలవాటు పోతోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

యేసు కొట్టేశాడన్న మాటతో మొదలుపెడదాం. ఆయన కొండమీది ప్రసంగంలో ధర్మశాస్త్రాన్ని కొట్టివేయడానికి రాలేదనీ, నెరవేర్చడానికే వచ్చాననీ సూటిగా చెప్పాడు. మత్తయి 5:17 చూడండి. అంతకుముందు అరణ్యంలో శోధకుడికి మూడుసార్లు జవాబిచ్చాడు. ఆ మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండం 6, 8 అధ్యాయాల్లోవే. ముఖ్యమైన ఆజ్ఞ ఏదని శాస్త్రి అడిగితే ఒకటి ద్వితీయోపదేశకాండం 6 నుంచి, రెండోది లేవీయకాండం 19 నుంచి తీసి చెప్పాడు. పునరుత్థానం లేదన్న సద్దూకయ్యులకు నిర్గమకాండంలోని మండే పొదను చూపించాడు. తాను రద్దు చేయబోయే పుస్తకం మీద ఆయన ఇంతగా ఆనుకుంటాడా? "మోషే నన్నుగూర్చి రాశాడు" అని యోహాను 5లో అన్నదీ ఆయనే. మోషేను తీసి పక్కన పెడితే యేసు తన గురించి తాను చెప్పుకున్న సాక్ష్యాన్నే పక్కన పెట్టినట్టవుతుంది.

ఇక యూదులవి అన్న మాట. వాళ్లవే, అందులో సందేహం లేదు. మనకంటే ముందు వాటిని ప్రాణంలా కాపాడింది వాళ్లే, ఆ కృతజ్ఞత మనకు ఉండాలి. అయితే "వాళ్లకు మాత్రమే" అన్నదాన్ని ఆదికాండం 12 ఒప్పుకోదు. అబ్రాహాము ద్వారా భూమి మీది వంశాలన్నీ ఆశీర్వదించబడతాయని అక్కడ ఉంది, పౌలు గలతీ 3లో దాన్నే అన్యజనులకు అందిన సువార్తగా చూపిస్తాడు. సవర కుటుంబమైనా, కువి కుటుంబమైనా, మన తెలుగు కుటుంబమైనా ఆ మాట లోపలికే వస్తాయి. చాలా సంఘాల్లో ఆదివారం ఆరాధన చివర పాస్టరుగారు చెయ్యెత్తి ఇచ్చే దీవెన, "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అన్నది, సంఖ్యాకాండం 6లోది. 1979లో యెరూషలేము దగ్గర ఒక పాత సమాధిలో ఆ దీవెన చెక్కిన చిన్న వెండి రేకులు దొరికాయి. అవి సుమారు 2600 ఏళ్ల నాటివి. ఆ ఐదు పుస్తకాలతో పని లేదనుకునేవాళ్లు కూడా ఆ దీవెనకు తల వంచి ఆమెన్ అంటున్నారు.

కోపిష్ఠి దేవుడన్న మాటకు కొంచెం నిదానంగా జవాబు చెప్పాలి. కనాను యుద్ధాల గురించి ద్వితీయోపదేశకాండం 7, 20 అధ్యాయాల్లో ఉన్నది చదివితే నాకూ గుండె బరువెక్కుతుంది. దాన్ని తేలిక చేసి మాట్లాడేవాళ్లను నేను నమ్మను. తొలి శతాబ్దాల నుంచీ సంఘం ఆ అధ్యాయాలతో పెనుగులాడుతూనే ఉంది. కానీ ఇద్దరు దేవుళ్లున్నారని తేల్చేయడం దానికి పరిష్కారం కాదు. రెండో శతాబ్దంలో మార్సియను అనే బోధకుడు సరిగ్గా అదే చెప్పాడు. హెబ్రీ లేఖనాలన్నీ వదిలేశాడు. అక్కడితో ఆగలేక లూకా సువార్తను కత్తిరించుకుని, పౌలు పత్రికల్లో పదింటిని మాత్రం ఉంచుకున్నాడు. క్రీ.శ. 144లో రోమా సంఘం అతన్ని వెలివేసింది. పాత నిబంధన తీసేస్తే కొత్త నిబంధన కూడా చేతిలో నిలవదని అప్పుడే తేలింది. పైగా కోపం కొత్త నిబంధనలోనూ ఉంది: అబద్ధమాడి అక్కడికక్కడే పడి చనిపోయిన అననీయ సప్పీరాల సంగతి అపొస్తలుల కార్యాలు 5లో ఉంది. కనికరం, దయ, దీర్ఘశాంతం గల దేవుడన్న మాట నిర్గమకాండం 34లో ఉంది. యజమానురాలు పెట్టే బాధ పడలేక ఎడారికి పారిపోయిన ఐగుప్తు దాసి హాగరును వెతుక్కుంటూ దేవుని దూత వెళ్లింది ఆదికాండం 16లో. "చూచుచున్న దేవుడవు" అని దేవునికి పేరు పెట్టిన మనిషి ఆవిడే.

లేవీయకాండం వల్ల లాభం లేదనేవాళ్లు 19వ అధ్యాయం ఒక్కసారి మన సంతలో నిలబడి చదవాలి. కొండ దిగి చింతపండు, పసుపు తెచ్చే ఆడవాళ్లకు కాటాలో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. త్రాసు, గుండ్లు, కొలత అన్నీ న్యాయంగా ఉండాలని ఆ అధ్యాయం శాసిస్తుంది. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదంటుంది. మన జిల్లాల నుంచి దాదన్ కింద, అంటే దళారీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని వలస కూలికి ఇటుక బట్టీలకు వెళ్లి, నెలల తరబడి లెక్క తేలక ఎదురుచూసేవాళ్లకు ఆ వచనం పాతదిగా వినిపిస్తుందా? మీ మధ్య ఉన్న పరదేశిని నిన్ను నువ్వు ప్రేమించుకున్నట్టే ప్రేమించాలన్న ఆజ్ఞ కూడా అక్కడే ఉంది. అప్పుల కింద గిరిజనుల భూమి ఎలా చేతులు మారుతుందో ఈ ప్రాంతానికి బాగా తెలుసు. దాన్ని ఆపడానికి ఒడిశాలో 1956లోనే రెగ్యులేషన్ తేవాల్సి వచ్చింది. లేవీయకాండం 25 అయితే భూమి దేవునిది, శాశ్వతంగా అమ్మకూడదు, యాభయ్యో ఏట సొంతదారుకి తిరిగి చేరాలి అంటుంది. మా వేదపాఠంలో ఈ అధ్యాయం చదివినప్పుడు ఎవరికీ నిద్ర రాదు. 16వ అధ్యాయంలోని ప్రాయశ్చిత్త దినాన్ని హెబ్రీ పత్రిక 9, 10 అధ్యాయాలతో కలిపి చదివితేనే సిలువ మీద జరిగింది అర్థమవుతుంది. లేకపోతే "రక్తం ద్వారా క్షమాపణ" అన్నది పాటలో పాడి మర్చిపోయే మాట అయిపోతుంది.

613 లెక్క సంగతి త్వరగా చెప్పేస్తాను. అది యూదా రబ్బీల సంప్రదాయంలోని లెక్క. అన్నీ పాటించాలి లేదా అన్నీ వదలాలి అన్న బిగింపు అపొస్తలులు పెట్టలేదు. యెరూషలేములో కూడుకుని, అన్యజనుల్లోంచి వచ్చిన విశ్వాసులకు సున్నతి అక్కర్లేదని తేల్చారు, అపొస్తలుల కార్యాలు 15. బలులు క్రీస్తులో ముగిశాయి. అయినా వాళ్లు మోషే పుస్తకాలను మూసేయలేదు. చిన్నప్పటి నుంచీ నీకు తెలిసిన పరిశుద్ధ లేఖనాలు అని పౌలు తిమోతికి రాసిన రోజుల్లో ఆ లేఖనాల్లో మోషే పుస్తకాలూ ఉన్నాయి.

ఈ వాదన వెనక ఒక న్యాయమైన కోపం ఉందని ఒప్పుకుంటాను. ద్వితీయోపదేశకాండం 28లోని శాపాలు చదివి జనాన్ని భయపెట్టే బోధకులు ఉన్నారు. దశమభాగం వచనాలు మాత్రం పట్టుకుని మిగతావి దాటేసేవాళ్లూ ఉన్నారు. దానికి విరుగుడు పుస్తకం మూసేయడంలో లేదు, ఇంకో పేజీ తిప్పడంలో ఉంది. ద్వితీయోపదేశకాండం 14:28, 29 ప్రకారం మూడో ఏటి దశమభాగాన్ని ఊళ్లోనే ఉంచాలి. ఆస్తి లేని లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్లు వచ్చి తృప్తిగా తినడానికి. ఈసారి మీ కూడికలో ఎవరైనా దశమభాగం గురించి ప్రసంగిస్తే, ఈ రెండు వచనాలు కూడా గట్టిగా చదివించమని అడగండి. తెలుగు చదవలేని పిల్లలుంటే ఒడియా బైబిల్లో చదవమనండి.