శంఖు పూలు థాయ్‌లాండ్ నుంచి వచ్చాయట!

ఇంటికొచ్చి గంటైంది. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఇది మీతో చెప్పుకోకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు.

అమలాపురంలో కొత్తగా టీ కెఫే ఒకటి పెట్టారని మా తోటికోడలు చెబితే, సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. నాకు టీలంటే ఎంత ఇష్టమో మీకు చెప్పక్కర్లేదు. రెండేళ్ళుగా ఎక్కడ కొత్త రకం కనబడినా కొని, తాగి, ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తూనే ఉన్నాను. నోటుబుక్కులో నలభై దాటాయి. మెనూలో 'బ్లూ టీ' అని ఉంది, 160 రూపాయలు. సరే తెమ్మన్నాం. గాజు కెటిల్లో నీలం నీళ్ళు, పక్కన నిమ్మచెక్క. "నిమ్మకాయ పిండండి మేడమ్, రంగు మారిపోద్ది" అన్నాడు కుర్రాడు. పిండాను, మారింది. ఇదేం పువ్వు బాబూ అంటే "ఇంపోర్టెడ్ ఫ్లవర్ మేడమ్, థాయ్‌లాండ్ నుంచి వస్తది" అన్నాడు.

కెటిల్ మూత తీసి, స్పూనుతో అడుగున ఉన్న పువ్వుని పైకి లాగి సాసర్లో పెట్టాను. నానిపోయి ఉంది గానీ రేకు చెక్కు చెదరలేదు. అదే శంఖం ఆకారం, రంగు దిగిపోయినా మధ్యలో అదే తెల్లటి మచ్చ. శంఖు పువ్వండీ! మా పెరటి దడి నిండా అల్లుకుని ఉంటుంది. మా అత్తగారు పొద్దున్నే సజ్జ నిండా కోసి అమ్మవారికి పెడతారు. కడియపులంక నర్సరీల్లో ఏ మూల అడిగినా మొక్క ఇస్తారు.

బిల్లు తెచ్చినప్పుడు "ఇది శంఖు పువ్వు కదా బాబూ" అన్నాను, మెల్లగానే. వాడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అవునండి. మాది అంబాజీపేట దగ్గరండి. మా ఇంటి దడి మీదా ఉంటాయండి. థాయ్‌లాండ్ అని చెప్పమన్నారండి" అన్నాడు. అప్పటిదాకా 'మేడమ్, మేడమ్' అన్నవాడు 'అండి'లోకి వచ్చేశాడు. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. ఆ పిల్లాణ్ణి ఏమంటాను? కోపమంతా మింగుకుని వచ్చేశాను, ఇదిగో ఇక్కడ కక్కుతున్నాను.

ఆ రంగు మారడం వింతేమీ కాదు. ఆ రేకుల్లో ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలుంటాయి, పులుపు తగిలితే నీలం కాస్తా ఊదా అవుతుంది. బళ్ళో మందార పూల రసం తీసి ఏది ఆమ్లం, ఏది క్షారం అని చూశాం కదా, అదే సంగతి. ఇక రుచంటారా, చిక్కుడుకాయలు ఉడికించి వార్చిన నీళ్ళలా ఉంటుంది. చిక్కుడు కుటుంబపు తీగే మరి. కాస్త తేనె, నిమ్మరసం పడితే బాగానే ఉంటుంది, చల్లగా ఇంకా బాగుంటుంది. నేను ఇంట్లో చేసుకుంటాను, పిల్లలకీ ఇస్తాను. నాకు పువ్వు మీద ఏ పేచీ లేదు. పేరు మీదే నా పేచీ అంతా.

పేరంటే గుర్తొచ్చింది. కిందటి సంక్రాంతికి 'హైబిస్కస్ టీ' అని ఒక డబ్బా కొన్నాను. పైన మందార పువ్వు బొమ్మ, ఎర్రగా, మధ్యలో పొడుగాటి కాడతో. లోపల చూస్తే నల్లబడ్డ ఎర్రటి ముక్కలు, నాలిక మీద పెట్టుకుంటే జివ్వుమనే పులుపు. మందార రేకుకి అంత పులుపెక్కడిది? వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి ఒక ముక్కని వేళ్ళతో విప్పాను. దళసరిగా, కండగా, కింద బుడిపె, పైన అయిదు మొనలు. ఎర్ర గోంగూర కాయ మీదుండే తొడుగు! బళ్ళో రక్షకపత్రాలని చెప్పేవారే, అవి. పువ్వు రాలిపోయాక ఎర్రగా ఉబ్బి కాయని కప్పుకుని ఉంటాయి. మా అమ్మ వాటిని ఒలిచి, లోపలి కాయ తీసి పారేసి, పచ్చిమిరపకాయలు వేసి పచ్చడి నూరేది. అది డబ్బాలో పోసి, మీద మందార బొమ్మేసి, 50 గ్రాములు 350 రూపాయలకి అమ్మారు నాకు. మందారా గోంగూరా ఒకే జాతి మొక్కలే, ఇంగ్లీషులో రెండూ హైబిస్కస్సే, కాదనను. కానీ గోంగూర పప్పు వండమంటే మందారాకు వేసి వండుతారా ఎవరైనా?

ఈజిప్టు వాళ్ళు ఈ తొడుగుల పానీయాన్ని కర్కడే అంటారు, పెళ్ళిళ్ళలో కూడా పోస్తారు. మెక్సికోలో హమైకా. సెనెగల్‌లో బిస్సాప్. ఎవరి పేరు వాళ్ళు పెట్టుకుని దర్జాగా తాగుతున్నారు. గోంగూరని అంత నెత్తిన పెట్టుకునే మనం మాత్రం దాని కాయని గుర్తుపట్టకుండా కొంటున్నాం. ఎవరికైనా కావాలంటే చెబుతున్నా, ఎర్ర గోంగూర కాయలు దొరికినప్పుడు ఆ తొడుగులు ఒలిచి నీడన గలగలలాడేదాకా ఎండబెట్టండి. గ్లాసు నీళ్ళకి చెంచాడు. తాటిబెల్లం వేసుకోండి, పంచదార వద్దు. ఆ రంగూ ఆ రుచీ ఏ డబ్బాలోనూ రావు. బీపీ మాత్రలు వాడేవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగి తాగండి, అది బీపీని తగ్గిస్తుంది.

అసలు వీటన్నిటినీ టీ అనడమే తప్పు. తేయాకు చెట్టు ఒక్కటే. గ్రీన్ టీ, బ్లాక్ టీ, వైట్ టీ, ఊలాంగ్, అన్నీ ఆ ఒక్క చెట్టు ఆకులే, తయారుచేసే పద్ధతిలో తేడా అంతే. తులసి, నిమ్మగడ్డి, చామంతి, శొంఠి, ఇవి కషాయాలు. ఎంచక్కా మాట ఉంది మనకి. మా మామ్మ శొంఠి, మిరియాలు, ధనియాలు దంచి కషాయం కాస్తే వీధిలో వాళ్ళు కూడా గ్లాసులు పట్టుకుని వచ్చేవారు. అదే కషాయం అంటే ఇవాళ మొహం తిప్పేసుకునే వాళ్ళు, 'ఇన్ఫ్యూజన్' అంటే ఫోటో తీసుకుని మరీ తాగుతున్నారు.

అన్నీ చెడ్డవని నేను అనడం లేదు. కామొమైల్ నాకు నచ్చింది, ఎండు చామంతి వాసన, రాత్రి పూట హాయిగా ఉంటుంది. నిమ్మగడ్డి డబ్బాలో కొనకండి, పెరట్లో ఒక దుబ్బు పాతితే చాలు. ఎర్ల్ గ్రే అనే బ్లాక్ టీ ఉంది, అందులో ఇటలీలో పండే బెర్గమోట్ అనే నిమ్మజాతి కాయ తొక్క నూనె కలుపుతారు. మొదటిసారి వాసన చూడగానే నాకు మజ్జిగలో నలిపి వేసే దబ్బాకు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. నిజాయితీగా చేసింది ఎక్కడిదైనా మంచిదే. మామిడి ఫ్లేవర్ గ్రీన్ టీ మాత్రం ఒక్క గుక్క తాగి సింకులో పోశాను. కొత్తపల్లి కొబ్బరి, పంచదార కలశ మామిడిపళ్ళు తిని పెరిగిన నాలికకి అది సబ్బు వాసన.

మల్లెపూల టీ సంగతి మాత్రం చెప్పి తీరాలి. చైనాలో ఫూజో అనే చోట దీన్ని చేసే పద్ధతి చదివి ఆశ్చర్యపోయాను. సాయంత్రం కోసిన మల్లెమొగ్గల్ని గ్రీన్ టీ ఆకులో కలిపి ఉంచుతారు. రాత్రి మొగ్గ విచ్చుకుంటుంటే ఆకు ఆ వాసన పీల్చుకుంటుంది. పొద్దున పూలు ఏరేస్తారు. మళ్ళీ సాయంత్రం కొత్త మొగ్గలు. అలా ఎన్నోసార్లు. ఆ పువ్వు మన బొడ్డుమల్లెల జాతే! వేసవిలో నేనూ చేశాను. కడియపులంక నుంచి మొగ్గలు తెప్పించి, స్టీలు డబ్బాలో ఒక వరస ఆకు, ఒక వరస మొగ్గలు పేర్చి మూతపెట్టాను. పొద్దున తీస్తే మల్లెలు వాడి గోధుమరంగుకి తిరిగాయి, ఆకు చెమ్మగిల్లి మెత్తబడింది. ఓపిగ్గా పూలన్నీ ఏరి, ఆకు నీడన ఆరబెట్టి, మళ్ళీ అదే పని. మూడు రాత్రులు. మూడో రోజు డబ్బా మూత తీస్తే వంటింట్లో పెళ్ళిపందిరి వాసన వచ్చిందంటే నమ్మండి. మనకి బజార్లో దొరికే 'జాస్మిన్' ప్యాకెట్లలో చాలావాటికి ఆ కష్టం లేదు, ఆకు మీద సెంటు చల్లి కట్టేస్తారు. డబ్బా తెరవగానే గుప్పుమంటుంది, నీళ్ళలో వేశాక ఏమీ మిగలదు.

పైగా కెఫేల్లో గ్రీన్ టీ మీద సలసల మరిగే నీళ్ళు పోసి సంచీ అలాగే వదిలేస్తారు. చేదెక్కి, వగరెక్కి, నోరు పిడచకట్టుకుపోతుంది. 75, 80 డిగ్రీలు చాలు దానికి, రెండు మూడు నిమిషాలు ఉంచి తీసెయ్యాలి. నీళ్ళు మరిగాక దించి, మూత తీసి, అయిదు నిమిషాలు ఆగితే సరిపోతుంది. 160 రూపాయలు తీసుకునేవాళ్ళకి అయిదు నిమిషాలు ఆగే ఓపిక ఉండదా?

నీళ్ళంటే ఇంకో మంట ఉంది నాకు, ఇవాల్టిది కాదు. టీ రివ్యూలు రాసే మహానుభావులు ఆకు గురించి, కప్పు గురించి పేజీలు రాస్తారు, ఏ నీళ్ళతో కాచారో ఒక్క ముక్క రాయరు. నీళ్ళలో సున్నం, ఉప్పు ఎక్కువుంటే టీ మీద తెట్టు కడుతుంది, వాసన చచ్చిపోతుంది. మా పుట్టిల్లు భీమవరం దగ్గర. నా చిన్నప్పుడు మా నూతి నీళ్ళకి కందిపప్పు ఇట్టే ఉడికిపోయేది. ఇప్పుడు అదే నూతి నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉమ్మెయ్యాలి. చుట్టూ రొయ్యల చెరువులు. వరి చేలని తవ్వి ఉప్పునీళ్ళు నింపితే ఆ ఉప్పు భూమిలోకి దిగక ఎక్కడికి పోతుంది? 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించి ఇన్ని కాలువల నిండా తీపినీళ్ళు పారించాడని ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం. ఆ కాలువ గట్టున పుట్టిన మనిషిని, మా అమ్మ దగ్గరికెళ్తే 20 లీటర్ల టిన్ను కొని టీ పెట్టుకుంటున్నాను. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశారంటే అదీ సరిగ్గా దొరకదు. మా నాన్న ఉన్నప్పుడు ఊళ్ళో ఎంత మందికి చెప్పారో. చెరువుకి లీజు బాగా వస్తుంది మాస్టారూ అన్నారే గానీ ఒక్కరూ వినలేదు. నన్ను ఎవరైనా 'మంచి గ్రీన్ టీ ఏది అక్కా' అని అడిగితే, ముందు మీ ఊళ్ళో మంచినీళ్ళు ఉన్నాయా అని అడగాలనిపిస్తుంది.

ఇదంతా ఒక ఎత్తు. ఇప్పుడు చెప్పబోయేది వేరు. ఇన్నాళ్ళూ ఇక్కడ రాయలేదు, వాళ్ళింట్లో అడిగి ఇవాళ రాస్తున్నాను.

మా వీధిలో ఒక అమ్మాయికి పెళ్ళి కుదిరింది. బంగారంలాంటి పిల్ల. పెళ్ళిలోగా సన్నబడాలని ఆన్‌లైన్లో 'డిటాక్స్ టీ' తెప్పించుకుంది. రోజూ రాత్రి ఒక సంచీ. నాలుగు రోజులకే 'తేలిగ్గా ఉంది, బరువు తగ్గుతున్నాను' అని సంబరపడింది. మూడు వారాలకి కడుపులో మెలికలు, కాళ్ళు లాగెయ్యడం, ఒక పొద్దున బాత్రూము దగ్గర కూలబడిపోయింది. ఆసుపత్రిలో సెలైను పెట్టారు. ఏం తాగుతున్నావని డాక్టరు అడిగితే వాళ్ళమ్మ ఆ ప్యాకెట్ తెచ్చింది. వెనకాల చీమంత అక్షరాల్లో 'సెన్నా లీఫ్' అని ఉంది. అది వాళ్ళకెవరికీ తెలియదు. వాళ్ళ మామ్మ గారు ఒక సంచీ చింపి, అరచేతిలో పోసుకుని చూసి, "ఇది సునాముఖి కదే! విరేచనాలకి వేస్తాం కదే దీన్ని!" అని నెత్తి కొట్టుకుంది.

విన్నారా? ఎనభై ఏళ్ళ మనిషి ఒక్క చూపులో పట్టేసింది. పోయింది కొవ్వు కాదు, ఒంట్లో నీళ్ళూ లవణాలూ. సునాముఖి మందు, చెడ్డదేం కాదు, కానీ డాక్టరు చెప్పకుండా వారం మించి వాడకూడనిది. ఆ ప్యాకెట్ మీద 'సునాముఖి' అని తెలుగులో నాలుగక్షరాలు ఉండి ఉంటే ఆ తల్లి మొదటి రోజే పెంటకుప్పలో పారేసేది. ఆకుపచ్చ రంగు, యోగా చేస్తున్న ఆడపిల్ల బొమ్మ, 'నేచురల్' అన్న మాట వెయ్యడానికి అంత జాగా ఉంది వాళ్ళకి. మొక్క పేరుకి లేదా?

నేను ఒప్పుకోను. శంఖు పువ్వుకి పేరు మార్చితే నా జేబుకి 160 పోయింది, పోనీ. ఇక్కడ పిల్ల ప్రాణం మీదకి వచ్చింది. 'అతిమధురం' అని రాస్తే బీపీ ఉన్నవాళ్ళు ఎక్కువ తాగకూడదని మా అత్తగారికి కూడా తెలుసు. 'లికరిష్ రూట్' అని రాస్తే ఎవరికి తెలుస్తుంది?

ఇందాక మార్కరు తీసుకుని ఇంట్లో ఉన్న డబ్బాలన్నిటి మీదా తెలుగులో రాసి అంటించాను. ఎర్ర గోంగూర కాయ. శంఖు పువ్వు. నిమ్మగడ్డి. అతిమధురం. ఏ మొక్కో తెలియనివి మూడు మిగిలాయి, వాటిని పక్కన పెట్టేశాను. తెలిసేదాకా తాగను, ఎవరికీ ఇవ్వను.

ఆ కెఫే ఓనరు గారు ఈ పోస్టు చూస్తే ఒక మాట. మీ మెనూలో 'శంఖు పూల కషాయం' అని తెలుగులో పెద్దక్షరాల్లో రాయండి. 160 తీసుకోండి, మళ్ళీ వస్తాను, పదిమందిని తీసుకొస్తాను. ఆ అంబాజీపేట కుర్రాడి చేత మాత్రం వాళ్ళింటి దడి మీద పువ్వు థాయ్‌లాండ్‌ది అని చెప్పించకండి.