ఈ వయసులో నొప్పులేంది అంటారే!

"ఈ వయసులో నీకు నొప్పులేంది మా?" ఇంకొక్కరు ఈ మాటంటే ఏడుపొచ్చేస్తాది నాకు. 26 ఏళ్లు నాకు, నడుం నొప్పి మొదలై నాలుగేళ్లు. పొద్దున్నే నడుం కట్టెలా బిగుసుకుపోయి, మంచం పట్టీ పట్టుకుని పక్కకి దొర్లితే గానీ లేవలేను, గంట నడిస్తే గానీ వదలదు.

చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో ఊగుతా వచ్చి, ఓపీ చీటీ రాయించుకుని మూడు గంటలు బెంచీ మీద కూర్చుంటే డాక్టరు చూసింది రెండు నిమిషాలు. ఎక్స్‌రే బాగుందంట, పెళ్లయితే సర్దుకుంటాదంట! ఇదేం వైద్యం? యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు, ఎక్కువమందికి 45 ఏళ్ల లోపే మొదలవుతాది, తొలిరోజుల్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎమ్మారై తీస్తే తెలిసే చాన్సుంది, ఇదంతా రెండేళ్ల తర్వాత ఇంకో డాక్టరు చెప్పాల్సొచ్చింది.

మాత్రలొక్కటే చాలవు అబ్బా, వ్యాయామం నేర్పించే ఫిజియో కావాల, నిద్రపట్టక దిగులైతే వినే మనిషి కావాల. మా వీధిలో ఫిజియో సెంటరు సాయంత్రం ఆరుకే మూసేస్తారు, డ్యూటీకి పోయేవాళ్లు ఎప్పుడు పోయేది?

మొన్న అలిపిరి మెట్లు, 3550, నేనెక్కలేనంటే మా అత్త "వయసు పిల్లవి, ఒళ్లొంగదా" అనింది అందరి ముందర. ఒళ్లు వంగకే కదత్తా చెప్పింది!