రాజీనామాల లెక్కలో కలిసిపోతున్న తొలగింపులు

2025 జూలై చివరి వారంలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ (టీసీఎస్) తన సిబ్బందిలో దాదాపు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా ఉద్యోగులను ఆ ఆర్థిక సంవత్సరంలో తగ్గించుకోబోతున్నట్టు వెల్లడించింది. వారిలో ఎక్కువ మంది మధ్య, ఉన్నత స్థాయుల వారే ఉంటారని కూడా చెప్పింది. అప్పటికి ఆరు లక్షల పైచిలుకు ఉద్యోగులున్న సంస్థలో ఇది చిన్న శాతమే. అయినా హైదరాబాద్ ఐటీ కారిడార్ అంతటా ఆ వార్త కలిగించిన కలవరం ఆ శాతానికి అందేది కాదు. జీతం కాస్త తక్కువైనా టీసీఎస్‌లో ఉద్యోగం పోదన్న నమ్మకంతో పదిహేను, ఇరవై ఏళ్లు అక్కడే ఉండిపోయిన వారు ఎందరో ఉన్నారు. ఆ నమ్మకంతోనే ఇరవై ఏళ్ల గృహరుణం తీసుకున్నారు, పిల్లల చదువులకు ప్రణాళిక వేసుకున్నారు. అక్కడే ఇలా జరిగితే మన సంగతేమిటన్న ప్రశ్న మిగతా కంపెనీల ఉద్యోగుల్లోనూ మొదలైంది.

ఈ ప్రకటనకు నెలన్నర ముందే, జూన్‌లో, ఆ సంస్థ బెంచ్ (ప్రాజెక్టు ఏదీ లేకుండా ఖాళీగా ఉండడం) నిబంధనలను కఠినం చేసింది. ఏడాదిలో కనీసం 225 పనిదినాలు క్లయింటుకు బిల్లు పడే ప్రాజెక్టులో ఉండాలి, బెంచ్ మీద ఉండే కాలం 35 రోజులు దాటకూడదు అన్నది కొత్త నియమం. ప్రాజెక్టు దొరకడం, దొరకకపోవడం ఉద్యోగి చేతిలో ఉండే విషయం కాదు. క్లయింటు ఖర్చు తగ్గించుకుంటే, అమెరికాలో ఒక బ్యాంకు తన పాత సిస్టంల మార్పిడిని వాయిదా వేసుకుంటే, ఇక్కడ నలభై మంది ఉన్న జట్టు ఇరవైకి తగ్గిపోతుంది. వ్యాపారంలో కంపెనీ భరించాల్సిన ఆ అనిశ్చితిని ఇలాంటి నియమాలు రోజుల లెక్కగా మార్చి ఉద్యోగి తలకెత్తుతున్నాయి. నైపుణ్యానికి సంబంధం లేని ప్రాజెక్టు అయినా, రాత్రి షిఫ్టు అయినా, మరో నగరమైనా సరేనని ఒప్పుకునేవారు పెరగడం దీని ఫలితమే. పదేళ్లుగా జట్లను నడిపించి కోడ్ రాయడం మానేసిన మేనేజరు, కొత్త ప్రాజెక్టు కోసం తనకంటే పదేళ్లు చిన్నవాడి ముందు కూర్చొని పైథాన్ ప్రోగ్రామింగ్ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సి వస్తుంది. అందులో అవమానం లేదని ఎంత సర్దిచెప్పుకున్నా, ఆ మేనేజరును కోడ్‌కు దూరం చేసి పై మెట్టెక్కించింది ఆ సంస్థే కదా.

ఏఐ వల్ల ఉత్పాదకత పెరిగినందున ఈ కోత పెట్టడం లేదని, నైపుణ్యాలకు తగిన పని చూపలేకపోవడమే కారణమని సీఈఓ కె. కృతివాసన్ అప్పట్లో వివరించారు. ఈ వివరణ ఉద్యోగుల మనసు మీద చేసే పని గమనించదగ్గది. నైపుణ్యం సరిపోలేదన్న మాట వినగానే సగటు ఉద్యోగి తప్పు తనదే అనుకుంటాడు. ‘నేనే అప్‌డేట్ కాలేదు’ అన్న మాట ఉద్యోగం పోయిన వారి నోట, పోతుందని భయపడేవారి నోట తరచూ వినిపిస్తుంది. కొంతమంది విషయంలో అది నిజమే కావచ్చు. కానీ తప్పు తనదేనని నమ్మిన మనిషి నలుగురితో చెప్పుకోడు, హక్కు అడగడు, కొన్నిసార్లు ఇంట్లో కూడా నోరు విప్పడు. ఉదయం ఎప్పటిలాగే ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకొని బయల్దేరతాడు.

ఈ మౌనానికి మరో కారణం తొలగింపు జరిగే పద్ధతిలోనే ఉంది. 2017లో టెక్ మహీంద్రా హెచ్‌ఆర్ అధికారిణి ఒక ఉద్యోగితో జరిపిన సంభాషణ ఆడియో బయటకు వచ్చింది. మర్నాడు ఉదయం 10 గంటలలోగా రాజీనామా చేయాలని, లేకపోతే సంస్థే తొలగిస్తుందని ఆమె చెప్పడం దేశమంతా విన్నది. మహీంద్రా గ్రూప్ ఛైర్మన్ ఆనంద్ మహీంద్రా బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అది ఒక్క కంపెనీ తీరు కాదని ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. క్యాలెండరులో విషయం రాయని మీటింగ్ ఒకటి పడుతుంది. గదిలో మేనేజరుతో పాటు ముఖపరిచయం లేని హెచ్‌ఆర్ ప్రతినిధి ఉంటారు. ముందు ఉంచేవి రెండే దారులు: వ్యక్తిగత కారణాలతో వెళ్తున్నట్టు పోర్టల్లో రాజీనామా పెడితే కొన్ని నెలల జీతం, మచ్చలేని రిలీవింగ్ లెటర్ వస్తాయి, కాదంటే టెర్మినేషన్, అది తర్వాతి ఉద్యోగంలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు. మానేస్తానని ఉద్యోగి చెబితే 90 రోజుల నోటీసు పీరియడ్ పూర్తి చేయాల్సిందేనని పట్టుబట్టే సంస్థలు, తాము పంపించేటప్పుడు సాయంత్రానికల్లా లాగిన్ తీసేయగలవు. ఆ గదిలో చాలా మంది రాజీనామాకే మొగ్గు చూపుతారంటే ఆశ్చర్యం లేదు. వచ్చే నెల ఈఎంఐ కట్టాల్సిన మనిషికి అదే తెలివైన నిర్ణయం.

కానీ ఆ ఒక్క క్లిక్కుతో చట్టం దృష్టిలో జరిగిన ఘటనే మారిపోతుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికుణ్ణి రిట్రెంచ్ చేస్తే (తన తప్పేమీ లేకుండా ఉద్యోగం నుంచి తీసేస్తే) నెల రోజుల నోటీసు లేదా దానికి బదులు జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాల్సి ఉండేది, ప్రభుత్వానికి తెలియజేయాల్సి ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ వీటిని కొనసాగిస్తూ, 15 రోజుల వేతనంతో రీస్కిల్లింగ్ (కొత్త నైపుణ్యాల శిక్షణ) నిధిని కూడా చేర్చింది. స్వచ్ఛందంగా వెళ్లినవారు ఈ నిర్వచనంలోకే రారు. పైగా, సాంకేతిక పని చేసే ఇంజనీరు కార్మికుడిగా రక్షణ కోరగలిగినా, ప్రధానంగా మేనేజరు విధులు నిర్వహించేవారికి ఆ దారి మూసుకుపోతుంది. ఇప్పుడు కోత ఎక్కువగా పడుతున్నది సరిగ్గా ఆ వరుస మీదే. గ్రాట్యుటీ ఒక్కటి మాత్రం అయిదేళ్లు నిండినవారికి రాజీనామా చేసినా దక్కుతుంది.

ఇక లెక్కల సంగతి చూద్దాం. 2025 జూన్ 30న టీసీఎస్ సిబ్బంది 6,13,069 మంది. సెప్టెంబరు 30 నాటికి ఆ సంఖ్య 5,93,314కు చేరింది. మూడు నెలల్లో 19,755 మంది తగ్గారు. పునర్వ్యవస్థీకరణలో భాగంగా అప్పటికి దాదాపు 1 శాతం, అంటే సుమారు 6 వేల మందిని పంపించామని, అందుకు 1,135 కోట్ల రూపాయలు కేటాయించామని సంస్థ చెప్పింది. తొలగింపులు ఇంతకంటే చాలా ఎక్కువని ఉద్యోగ సంఘాలు ఆరోపించాయి, సంస్థ కొట్టిపారేసింది. సంస్థ చెప్పేది నిజమయ్యే వీలు లేకపోలేదు: ఏడాదికి 13 శాతం అట్రిషన్ (ఉద్యోగులు మానేసి వెళ్లే రేటు) ఉన్నచోట, వెళ్లినవారి స్థానంలో కొత్తవారిని తీసుకోకపోతే ఒక త్రైమాసికంలోనే ఇరవై వేలు తగ్గడం అసాధ్యం కాదు. అయితే ఆ తగ్గినవారిలో తమంతట తాము మంచి అవకాశం చూసుకొని వెళ్లినవారెవరో, గదిలో కూర్చోబెడితే రాజీనామా పెట్టినవారెవరో బయటి నుంచి తేల్చే మార్గమే మన దేశంలో లేదు. ఏ ఐటీ కంపెనీ విషయంలోనైనా ఇదే పరిస్థితి.

ఉద్యోగిని తీసేయడం చాలా తేలికైన దేశంగా మనం చెప్పుకునే అమెరికాలో 1988 నాటి వార్న్ చట్టం ఉంది. వంద మంది లేదా అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థ పెద్ద ఎత్తున తొలగింపులు జరిపితే 60 రోజుల ముందు ఉద్యోగులకు, రాష్ట్ర ప్రభుత్వానికి నోటీసు ఇవ్వాలి. చాలా రాష్ట్రాలు ఆ నోటీసులను ప్రజల ముందు పెడతాయి. హెచ్1బీ మీద ఉన్న మన తెలుగువారికి ఉద్యోగం పోతే కొత్త స్పాన్సరును వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. వారి కష్టం ఇక్కడివారి కష్టం కంటే తక్కువది కాదు. అయినా తనతో పాటు ఎందరు పోయారో అక్కడి మనిషికి తెలుస్తుంది, లోపం తన ఒక్కడిదే కాదని అర్థమవుతుంది.

సంఘంగా ఏర్పడడం ఒక మార్గం. టీసీఎస్ ప్రకటన తర్వాత ఐటీ ఉద్యోగుల పక్షాన పనిచేసే నైట్స్ సంస్థ కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది, సీఐటీయూ అనుబంధ సంఘం యునైట్ పలు నగరాల్లో నిరసన తెలిపింది. ఉద్యోగుల సంఖ్యతో పోలిస్తే ఈ సంఘాల బలం ఇంకా స్వల్పమే. పేరు బయటపడితే మరోచోట ఉద్యోగం రాదన్న భయం ఎంత బలంగా ఉందో దీన్నిబట్టే గ్రహించవచ్చు. కాబట్టి భారమంతా ఉద్యోగి ధైర్యం మీద వేయడం న్యాయం కాదు, ప్రభుత్వాలు చేయగలిగిన పని ఉంది.

2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖ ఐటీ హిల్‌పై 21.16 ఎకరాలను నామమాత్రంగా 99 పైసలకు టీసీఎస్‌కు కేటాయించింది. దానికి బదులుగా చెప్పింది 12 వేల ఉద్యోగాలు. ఆ కేటాయింపును నేను తప్పుబట్టను, ఉత్తరాంధ్ర యువతకు ఆ ఉద్యోగాలు కావాలి. కానీ ప్రజల భూమి తీసుకున్న ఏ సంస్థ అయినా ఆ ప్రాంగణంలో ప్రతి త్రైమాసికం ఎందరు చేరారో, ఎందరు వెళ్లారో, వెళ్లినవారిలో ఎందరికి సెవరెన్స్ (పంపించేటప్పుడు ఇచ్చే పరిహారం) చెల్లించారో కార్మిక శాఖకు లిఖితపూర్వకంగా ఇవ్వాలన్న షరతును ఒప్పందంలో చేర్చడానికి కేంద్రం అనుమతి అక్కర్లేదు. సొంతంగా రాజీనామా చేసినవారికి ఏ కంపెనీ సెవరెన్స్ ఇవ్వదు గనుక ఆ ఒక్క అంకెతోనే చాలా విషయం తేలుతుంది. రాజీనామా పెట్టిన ఉద్యోగికి దాన్ని వెనక్కి తీసుకునేందుకు కనీసం ఏడు రోజుల గడువు ఉండాలన్న నిబంధనను కూడా అదే ఒప్పందంలో రాయవచ్చు. రాయితీలిచ్చి కంపెనీలను ఆహ్వానిస్తున్న తెలంగాణకూ ఇది వర్తిస్తుంది. కొత్త ఒప్పందాలు వరుసగా కుదురుతున్న ఈ సమయంలోనే ఈ షరతులు పెట్టాలి. భూమి చేతులు మారాక అడిగితే ఏ కంపెనీ ఒప్పుకోదు.