పదిహేను నిమిషాల సముద్రం, మూడు గంటల బెంచీ

మహారాజశ్రీ జపాన్ గోనో రైలు లైను టైంటేబుల్ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు స్టేషను గోడమీద, ప్లాస్టిక్ తొడుగు వెనక, ఉప్పుగాలి సోకకుండా సుఖంగా ఉన్నారు. చూస్తూనే ఉన్నాను. తదుపరి రైలుకు బోలెడంత వ్యవధి ఉంది కనక ఈ ఉత్తరం పొడుగైతే ఆ పాపం నాది కాదు.

తమ వంశప్రతిష్ఠ గురించి తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2017 నవంబరులో టోక్యో పక్కన ఒక రైలు 20 సెకన్లు ముందుగా కదిలిపోయినందుకు నడిపే సంస్థ క్షమాపణ చెప్పుకుంది. ఆ వార్త మా వాట్సప్ గ్రూపుల్లో ఇప్పటికీ వాడిపోలేదు. హొక్కైదోలో ఒకే ఒక్క బడిపిల్ల కోసం స్టేషను తెరిచి ఉంచారన్న కథ సరేసరి. ఆ కథలో పోపు కాస్త ఎక్కువే పడింది గాని, క్యూ-షిరతాకి అనే స్టేషను నిజంగానే ఉండేది, 2016 మార్చిలో దాన్ని నిజంగానే మూసేశారు. ‘ఆ అమ్మాయి చదువు అయిపోయాకే మూశారట’ అని మేము కళ్లు తుడుచుకుంటూ పక్కవాళ్లకు పంపిస్తాం. మూశారన్న మాట దగ్గర మాత్రం ఒక్కరమూ ఆగం.

అలా తమరి కీర్తి విని, కారు అద్దెకు తీసుకోకుండా, ‘జపాన్ కదా, రైలో బస్సో ఏదో ఒకటి ఉంటుంది’ అన్న ధీమాతో ఈ తీరానికి వచ్చినవాళ్లలో నేనొకణ్ణి. ఉంటుంది. నిజమే. ఎప్పుడుంటుందన్నదే ప్రశ్న.

దారికి వంక పెట్టను, పెడితే కళ్లు పోతాయి. అకితా ప్రాంతంలోని హిగషి-నొషిరో నుంచి అయోమోరిలోని కవబె దాకా 147.2 కిలోమీటర్లు, పూర్తయింది 1936లో. ఉత్తరానికి వెళ్తుంటే ఎడమచేతివైపు జపాన్ సముద్రం, కుడివైపు షిరకామి కొండలు. ఆ రెంటికీ నడుమ ఉన్న కాస్త చోటులో 101వ నంబరు జాతీయ రహదారి, ఒంటి లైను, అక్కడక్కడ ఒక పల్లె సర్దుకున్నాయి. కొన్నిచోట్ల కిటికీలోంచి కిందికి చూస్తే నేల కనబడదు. నల్లటి రాళ్లూ, వాటిమీద విరిగే తెల్లటి నీళ్లూ మాత్రమే కనిపిస్తాయి.

ఇక తమరి స్వరూపం. టోక్యోలో తమరి చుట్టాలను చూశాను. ఎడమపక్క గంటల నిలువు వరస, ప్రతి గంటకూ ఎదురుగా కిక్కిరిసిన నిమిషాల అంకెలు. అక్కడి యమనోతె లైనులో ఒక రైలు తప్పిపోతే వాచీ చూసుకునే లోపే ఇంకొకటి వస్తుంది కనక ఆ అంకెలను చదివేవాడే ఉండడు. ఇక్కడ తమరిని అక్షరం పొల్లుపోకుండా చదువుతాం గాని చదవడానికే ఏమీ లేదు. తమరి కాగితం పెళ్లిలో చివరి బంతికి వేసిన విస్తరి: ఆకు నిండుగానే ఉంది, వడ్డనే కరువు. పొద్దున ఒకటి రెండు అంకెలు, తర్వాత ఖాళీ, మధ్యాహ్నం ఒకటి, మళ్లీ ఖాళీ, చీకటి పడే వేళకు ఇంకొకటో రెండో. లైను నడుమనున్న ఫుకౌరా ఊరి చుట్టుపక్కల ఒక్కో దిక్కుకు రోజుకు నడిచే మామూలు రైళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు, వేళ్లు మిగులుతాయి కూడా. మళ్లీ ఆ ఉన్న కాసినికీ ఎంత నిక్కచ్చి! పూట పూటంతా ఖాళీగా వదిలేసి, చివర్లో ఒక్క నిమిషం దగ్గర అంత పట్టుదల దేనికండీ? ‘పొద్దు వాలాక’ అని రాసినా మేము ఇక్కడే ఉంటాం కదా, ఎక్కడికి పోతాం?

మా ఊళ్లలో రైలు ఆలస్యమైతే తిట్టుకుంటాం. తిట్టుకోవడానికైనా అక్కడ ఒక రైలు ఉంటుంది. తమరు ఆ అవకాశం కూడా ఇవ్వరు. వచ్చే రైలు చెప్పిన నిమిషానికే వస్తుంది. రాని రైలు వస్తానని ఎప్పుడూ చెప్పనే లేదు. కోర్టుకు వెళ్లినా గెలుపు తమరిదే.

నా అసలు తగువు మాత్రం వేరే. ఈ తీరంలో ఏ చోటును ఎంతసేపు ప్రేమించాలో నిర్ణయించేది తమరు. తమరి కొట్లో రెండే కొలపాత్రలున్నాయి, పదిహేను నిమిషాలది ఒకటి, మూడు గంటలది ఒకటి. మధ్యరకం లేదు.

సెంజోజికి అనే రాతితీరం సంగతే తీసుకోండి. 1792లో వచ్చిన భూకంపానికి సముద్రం అడుగున ఉన్న రాతినేల పైకి లేచింది. బల్లపరుపుగా, విశాలంగా ఉన్న ఆ రాళ్లమీద ఈ ప్రాంతాన్ని ఏలిన త్సుగారు ప్రభువు వెయ్యి చాపలు పరిపించి విందు చేశాడని చెబుతారు. ప్రభువు ఎంతసేపు కూర్చున్నాడో గాని, రిసార్ట్ షిరకామి అనే పర్యాటకుల రైల్లో వచ్చినవాళ్లకు తమరు ఇచ్చేది సుమారు పావుగంట. అది కూడా కొన్ని రైళ్లకే. తలుపు తెరుచుకోగానే పెద్దలూ పిల్లలూ రోడ్డు దాటి రాళ్లమీదికి పరుగు. ఒకాయన ఫోను సరిచేసుకునేలోగా భార్య కళ్లు మూసుకుంటుంది, ఆమె తెరిచేసరికి ఆయన వేలు అడ్డం వస్తుంది. రాతిగుంటల్లో నిలిచిపోయిన నీళ్లలో వేలెడంత చేపపిల్ల అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటుంది, దాన్ని చూడాలంటే మోకాళ్లమీద కూర్చోవాలి. అలా కూర్చుంటామో లేదో, రైలు హారను మోగుతుంది. రెండు వందల ముప్పై ఏళ్ల కింద సముద్రం ఇచ్చిపోయిన నేలమీద జనం పొయ్యిమీద పాలు పొంగుతున్నట్టు వెనక్కి ఉరుకుతారు.

‘నేను ఉరకను, తర్వాతి రైలుకు వస్తాను’ అన్నామా, రెండో కొలపాత్ర బయటికి వస్తుంది. మొదటి గంట మనం కవులం. అలలో లయ వినిపిస్తుంది, అస్తిత్వం అర్థమవుతుంది. రెండో గంటకు భూగర్భశాస్త్రవేత్తలం. ఏ రాయి ఎటు వంగిందో, ఏ పగుల్లో నాచు ఎక్కువ ఉందో కంఠతా వస్తుంది. మూడో గంటకు వెయిటింగ్ రూములో బల్లలకున్న మేకులు లెక్కపెడుతూ ఉంటాం.

ఆ గదుల మీద నాకు ఫిర్యాదు లేదు. ఉద్యోగి ఒక్కడూ లేని స్టేషన్లు. తొదొరొకి అయితే మరీ, చెక్క గది, దాని ముందు ప్లాట్‌ఫాం, ప్లాట్‌ఫాం ముందు సముద్రం. చవక టికెట్టు ప్రకటనల పోస్టరు మీదికి కూడా ఎక్కిన స్టేషను అది. ఇటువంటి గదుల్లో బెంచీమీద ఎవరో ఇంట్లో కుట్టి తెచ్చిన దిండ్లు, మూలన మంచు తోసే పార, దారానికి వేలాడే పెన్నుతో ఒక నోటుపుస్తకం. వచ్చినవాళ్లు అందులో రాస్తారు, కొందరు రైలు బొమ్మ గీస్తారు. ఎంత తీరిగ్గా, ఎంత శ్రద్ధగా గీశారో! కిటికీ అంచులు, బోగీ నంబరు, చక్రాల బోల్టులతో సహా. ఆ కళాకారులను తయారుచేసింది ఎవరో చెప్పాలా?

జూనికో స్టేషను దగ్గర తమరికి బస్సు తోడవుతుంది. 1704 భూకంపంలో కొండ విరిగి ఏర్పడిన 33 చెరువులు అడవిలో ఉన్నాయి. వాటిలో అవోఇకె అనేదాని నీలాన్ని చూస్తే ఎవరో సిరా సీసా ఒంపారేమో అనిపిస్తుంది. అడుగున పడి ఉన్న చెట్ల మానులు స్పష్టంగా కనిపిస్తాయి. పరవశించాలి. కాని ఒక కన్ను ఆ నీలం మీద, రెండోది తిరుగు బస్సు వేళ మీద పెట్టి పరవశించడం ఎలాగో తమరే నేర్పాలి. ఫురోఫుషి వేడినీటి బుగ్గలో సముద్రపు ఒడ్డునే, అల చేతికందేంత దూరంలో, తుప్పురంగు నీళ్లలో మెడదాకా మునిగి కూర్చోవచ్చు. వాచీ విప్పక తప్పదు కనక తమరి ఏలుబడి చెల్లని చోటు ఇదొక్కటే అని సంబరపడతాం. బట్టలు వేసుకుని బయటికి రాగానే స్టేషనుకు పోయే షటిల్ వేళల లెక్క సిద్ధం.

ఇక రైలెక్కడం. తమరి మామూలు రైళ్లలో డ్రైవరే కండక్టరు, డ్రైవరే గార్డు. ఎక్కగానే యంత్రం నాలుక చాపి అంకె ఉన్న చీటీ ఇస్తుంది. దిగేటప్పుడు ముందున్న తెరమీద ఆ అంకె కింద ఎంత పడిందో చూసి, సరిగ్గా అంత చిల్లరా డబ్బాలో వెయ్యాలి. ఊరి ముసలమ్మ రెండు స్టేషన్ల ముందే చిన్న బట్టసంచీ తెరిచి నాణేలు అరచేతిలో పేర్చుకుంటుంది. పర్యాటకుడు తలుపు దగ్గరికి వచ్చాక ఠీవిగా పదివేల యెన్ల నోటు తీస్తాడు. ఆ యంత్రం వెయ్యి నోటుకు మాత్రమే చిల్లరిస్తుంది. డ్రైవరు ముఖంలో మర్యాద చెదరదు. ఆయన చెయ్యి మాత్రం వాచీ ఉన్న వైపు కదులుతుంది. అప్పుడు బోగీ మొత్తం మనల్ని చూడకుండా సముద్రాన్ని చూస్తుంది. ఆ కాసేపట్లో ఆ సముద్రానికి దక్కిన గౌరవం ఇంకెప్పుడూ దక్కి ఉండదు.

ఒక పొద్దుటి రైల్లో తమరి గుట్టు తెలిసింది. యూనిఫాం వేసుకున్న హైస్కూలు పిల్లలు ఎక్కారు. కిటికీ అవతల సముద్రం మిలమిల్లాడుతుంటే ఒక్కడూ తల ఎత్తలేదు. సగంమంది నిద్ర, సగంమంది పదాల జాబితా బట్టీ. అప్పుడు తమరి అంకెలు కొత్తగా కనబడ్డాయి. పొద్దుటి అంకెలు బడిగంటవి, మధ్యాహ్నపు అంకె ఆసుపత్రి నుంచి మందులతో తిరిగివచ్చే ముసలివాళ్లది, చీకటి అంకెలు ఆటలు ముగించుకుని ఇల్లు చేరే పిల్లలవి. సూర్యాస్తమయానికి సరిపడా ఒక రైలు ఎందుకు పెట్టలేదని నిలదీద్దామనుకున్నాను. ఇక్కడివాళ్లకు సూర్యుడు రోజూ అస్తమిస్తాడు, దానికి రైలెక్కి రానక్కర్లేదు.

మాలాంటివాళ్లకు వేరే ఏర్పాటు చేశారు కూడా. 1997 నుంచి నడుస్తున్న ఆ రిసార్ట్ షిరకామిలో పెద్ద కిటికీలు, త్సుగారు షమిసెన్ అనే మూడు తీగల వాద్యంతో సంగీతం, సముద్రం వైపు ఏ-వరస సీటు కోసం ముందే పోటీ. నొషిరో ప్లాట్‌ఫాం మీద బాస్కెట్‌బాల్ బుట్ట ఉంది. 58 జాతీయ టైటిళ్లు గెలిచిన బడి ఉన్న ఊరు కదా మరి. రైలు ఆగగానే పొట్టలున్న మధ్యవయసు మగవాళ్లు దిగి బంతి విసురుతారు. పట్టాలమీది ప్రయాణాన్ని ఇంత సరదాగా మలిచినవాళ్లు మామూలు బోగీల సంగతి వచ్చేసరికి నష్టాల పద్దు తెరుస్తారు.

ఆ పద్దు గురించి తమరికి నాకంటే ఎక్కువ తెలుసు. 2022 జూలైలో తమరిని నడిపే రైలు సంస్థ జేఆర్ ఈస్ట్ తన బక్కచిక్కిన లైన్ల జాబితా బయటపెట్టింది. 35 లైన్లు, 66 ముక్కలు, అన్నీ నష్టాలే. అందులో తమరి పేరూ ఉంది. ఆ మరుసటి నెలలోనే భారీ వానలకు తమరి కట్టలు కొట్టుకుపోయాయి. డిసెంబరుకల్లా బాగుచేశారు, సంతోషం. అదే వానకు దెబ్బతిన్న పక్కింటి త్సుగారు లైను ఉత్తరపు కొసకు ఆ భాగ్యం దక్కలేదు. అక్కడ రైలుకు బదులు బస్సులు, షేర్ టాక్సీలు చాలని 2024లో ఒప్పందం అయిపోయింది. హొక్కైదోలో సముద్రం పక్కనే సాగే హిదకా లైనును 2015లో అలలు కొరికాయి. ఆరేళ్లు ఎదురుచూపుల్లో పెట్టి, 2021 ఏప్రిల్లో 116 కిలోమీటర్లు తీసేశారు. ఏటా మార్చిలో తమరు కొత్త కాగితం కట్టుకుంటారు కదా, ఒక్కో మార్చిలో ఒక్కో అంకె ఎలా జారిపోతుందో, ఆఖరికి కాగితమే ఎలా మాయమవుతుందో ఆ ఇళ్లవాళ్లను అడిగితే చెబుతారు.

దీనికి ముద్దాయిలెవరంటే, సెంజోజికి ఎదురుగా కార్లు నిలిపే జాగా చూడండి. అలల పక్కన వెళ్తున్న మీ రైలును ఫొటో తీయడానికి కార్లలో వస్తున్నాం. కారు దిగి, ‘ఎంత అందమైన రైలో, ఇది పోకూడదు’ అని నిట్టూర్చి, ఎక్కకుండా వెళ్లిపోతున్నాం.

అందుకని నా విన్నపాలు చిన్నవే. వచ్చే మార్చిలో కత్తెర పట్టుకుని ఎవరైనా వస్తే, బడిపిల్లల అంకెల జోలికి వెళ్లనివ్వకండి. పర్యాటకుల పావుగంటను గంటంపావు చేయగలిగితే చేయండి, చేపపిల్ల ఎటు పోయిందో చూడాలి. చలికాలపు గాలికి రైలు ఓ పది నిమిషాలు ఆలస్యమైనా క్షమాపణలు చెప్పనక్కర్లేదు. ఆలస్యాన్ని మన్నించడంలో తెలుగువాళ్లకు బాల్యం నుంచీ శిక్షణ ఉంది. 20 సెకన్లు ముందుగా పోవడం మాత్రం మానండి, అది మాకు అలవాటు లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక పదిహేను నిమిషాల పర్యాటకుడు

తా.క.: ఫుకౌరాలో ట్యూనా చేపతో భోజనం చాలా బాగుంటుందని విన్నాను. అక్కడ దిగితే మూడు గంటలు, దిగకపోతే ఆకలి. ఏ సంగతీ తిరుగు రైలుకు తెలియజేయగలరు.