ఒక్క రోజులో పళ్లు అనేది సగమే నిజం
దవడ ఎముక అరిగిపోయినా నాలుగు ఇంప్లాంట్లతో, అంటే ఎముకలో బిగించే స్క్రూలతో, ఒక్క రోజులో కదలని పళ్లు పెట్టేయొచ్చని ఒక వ్యాసంలో రాశారు, అది సగమే నిజమండి. మా అమ్మ పన్నెండేళ్లు కట్టుడు పళ్లు వాడింది, కింది సెట్టు ముద్ద నమిలితే లేచిపోయేది, సిరిమాను పండక్కి చుట్టాలొస్తే అందరూ తిన్నాక వంటగదిలో ఒక్కత్తీ కూర్చుని అన్నం పిసుక్కుని తినేది. విజయనగరంలో ఒక క్లినిక్‌లో మామూలు ఎక్స్‌రే చూసి పైనా కిందా నాలుగేసి వేసేద్దాం అన్నారు, మాకు డౌటొచ్చి విశాఖలో దవడని 3డీలో చూపించే సీబీసీటీ స్కాన్ తీయిస్తే పైదవడలో సైనస్ (ముక్కు పక్కనుండే గాలి గది) కింద ఎముక 3 మిల్లీమీటర్లే ఉంది. ముందువైపు ఎముక బాగుంటే వెనక ఇంప్లాంట్లు ఏటవాలుగా వేసి సైనస్‌ని తప్పిస్తారు, ఆల్ ఆన్ ఫోర్ అంటే అదే, కానీ అమ్మకి ముందు కూడా సన్నబడిపోయింది, ఇంక చెంప ఎముకలోకి వేసే జైగోమాటిక్ ఇంప్లాంట్లే అన్నారు, షుగర్ ఉన్న మనిషికి అంత పెద్ద సర్జరీ అంటే ధైర్యం చాల్లేదు. చివరికి కింద రెండే ఇంప్లాంట్లు వేయించి వాటికి పట్టుకునే సెట్టు పెట్టించాం, పైది మామూలు సెట్టే. ఇంకోటి, ఆ ఒక్క రోజులో పెట్టేవి టెంపరరీ పళ్లు, ఇంప్లాంట్‌ని ఎముక పట్టుకోడానికి నెలలు పడుతుంది, అన్నాళ్లూ మెత్తటి తిండే, ఇది రాయకపోతే ఎలాగండి. మొన్న సంక్రాంతికి మాత్రం అమ్మ మా అందరితో పాటే కూర్చుని తింది.