చుట్టాల బెడద తప్పిస్తాం, నెలకి 99 మాత్రమే

సోషల్ మీడియా కంపెనీలంటే నాకు జాలి. వాడేవాళ్ల షరతులు అలాంటివి మరి. డబ్బడగకూడదు, యాడ్స్ వేయకూడదు, మన వివరాలు ఎవరికీ ఇవ్వకూడదు, ఒక్క నిమిషం కూడా ఆగిపోకూడదు. ఆగితే పక్క యాప్‌లోకి వెళ్లి మరీ తిడతాం.

2018 ఏప్రిల్‌లో అమెరికా సెనేటర్ ఒకాయన ఫేస్‌బుక్ అధినేత జుకర్‌బర్గ్‌ని అడిగాడు, జనం పైసా కట్టకుండా వాడుకుంటుంటే నీ వ్యాపారం ఎలా నడుస్తోందయ్యా అని. యాడ్స్ వేస్తామండీ అన్నాడు ఆయన. నిజమే గానీ, యాడ్స్‌కీ ఓ హద్దుండాలి. 2007లో ఫేస్‌బుక్ ‘బీకన్’ అని ఒకటి పెట్టింది. వేరే సైట్లో మనం ఏం కొన్నా స్నేహితులందరికీ చాటింపు వేసేది. ఒకాయన భార్యకి తెలియకుండా పండక్కి ఇద్దామని ఉంగరం కొంటే ఆవిడతో సహా అందరికీ తెలిసిపోయింది, ఎంత డిస్కౌంట్‌లో కొన్నాడో కూడా. (సంసారానికి అసలు దెబ్బ ఆ రెండోదే.) 2009లో బీకన్‌ని మూసేశారు.

పోనీ చందా పెడదామా? వాట్సాప్ ఏడాదికి ఒక డాలర్ అని చూసి, 2016లో అదీ వదిలేసుకుంది. 2022లో ట్విట్టర్, అసలు ఖాతాకి గుర్తుగా ఉండే నీలం టిక్కుని నెలకి 8 డాలర్లకి అమ్మితే, ఎవరో ఎలై లిల్లీ మందుల కంపెనీ పేరుతో టిక్కు కొనుక్కుని ఇన్సులిన్ ఇకనుంచి ఉచితం అని ప్రకటించేశారు.

ఇన్నాళ్లూ వీళ్లు మనల్ని కంపెనీలకి అమ్ముకున్నారు. అమ్మాల్సిన సరుకు అది కాదు. చుట్టాల నుంచి రక్షణ అమ్మాలి.

వాట్సాప్ ఫ్యామిలీ గ్రూప్‌లోంచి ఇప్పుడు చడీచప్పుడు లేకుండా జారుకోవచ్చు, అడ్మిన్‌కి మాత్రమే కబురు వెళ్తుంది. కానీ అడ్మిన్ మా పెద్దమావయ్యే! ఆయనక్కూడా తెలియకుండా బయటపడేయడానికి నెలకి 99 పెట్టండి, ఎవరు కట్టరో చూద్దాం. పొద్దున్నే గులాబీ పువ్వు మీద శుభోదయం పంపినవాళ్లకి మన తరఫున దండం బొమ్మ దానంతటదే వెళ్లడానికి 199. మన ఊటీ ఫోటోలు మనకి చేబదులిచ్చినవాళ్ల కంట పడకుండా ఉండడానికి 499. ‘అబ్బాయి ప్యాకేజీ ఎంత?’ అన్న కామెంటు పుట్టకముందే చెరిపేసే సదుపాయానికి ధర చెప్పను. అది అవసరాన్ని బట్టి ఉంటుంది.

మావయ్యలు ఊరుకుంటారా అని మీకు అనుమానం రావచ్చు. వాళ్లకీ ఓ ప్లాన్ ఉంది. 299 కడితే ఆయన మెసేజ్ మన అడ్డుగోడ దాటి వచ్చేస్తుంది. మనం 399 కడితే మళ్లీ ఆగుతుంది. దసరా, సంక్రాంతి, పెళ్లిళ్ల సీజన్‌లో రేట్లు పెరుగుతాయి. రెండు వైపులా రాబడి, ఎవరికీ బలవంతం లేదు.

డబ్బు కట్టినవాడి మాటని అడక్కుండా తెచ్చి మన కళ్ల ముందు పెడితే దాన్నే యాడ్ అంటారు నాన్నా అంటున్నాడు మా అబ్బాయి. వాడికి వ్యాపారం తెలీదు. యాడ్‌ని అయిదు సెకన్లయ్యాక స్కిప్ చేయొచ్చు.